మోరీ అవతల

ఫిబ్రవరి 6, సోమవారం

లచ్చవ్వ జొన్నపిండి తిరిగి తెచ్చింది. నిన్న నా గిర్నిలో పట్టించుకుపోయిన పిండే. గిన్నె గడప మీద టక్కున పెట్టి — "రొట్టె తింటె పండ్ల కింద కరకరమంటుంది బిడ్డా. నీ రాళ్లు అరిగినయా ఏంది?"

రాళ్లు అరగలేదు. పోయిన నెలలోనే గంట్లు కొట్టించాను. ఇది రోడ్డవతల కంకర క్రషర్ దుమ్ము. జొన్నలు ఎండబోసే డాబా మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతోంది. చెబితే వింటుందా... "దుమ్ము రోడ్డు మీద పడాలె గని నా రొట్టెల ఎట్ల పడ్తది?"

ఉత్తగనే మళ్లీ పట్టి ఇచ్చాను. ఊరంతా నోట్లో కంకర నములుతోంది, తిట్లు మాత్రం నా గిర్నికి.

ఫిబ్రవరి 8, బుధవారం

పేపర్లో పడింది. క్రషర్ వాళ్లకు పక్క ఊరి గుట్టను మింగడం అయిపోయింది, ఇప్పుడు మా మందగుట్ట కావాలట. మార్చి పదిన, శుక్రవారం పొద్దున పదకొండింటికి, గుట్ట కిందనే ప్రజాభిప్రాయ సేకరణ. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు.

రెండేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ఎవ్వరూ కూర్చోమని కుర్చీ చూపలేదు. ఇప్పుడు వాళ్లే మైకు పట్టుకుని మా ఊరికి వస్తున్నారు. పేపరు ముక్క కత్తిరించి గిర్ని తలుపుకు అన్నం మెతుకులతో అతికించాను.

మామకు చదివి వినిపించాను. మామ పొద్దంతా గొర్లతో ఆ గుట్ట మీదే ఉంటాడు, ఆయన తండ్రీ అక్కడే కాశాడు. అంతా విని — "గుట్టను గూడ అడిగి తీసుకుంటరా? మంచోళ్లే" అన్నాడు.

ఫిబ్రవరి 12, ఆదివారం

స్కూలు దగ్గర మీటింగు. గుట్ట గురించి అనుకుని పరుగెత్తుకుంటూ పోయాను. కాదు. బొడ్రాయి గురించి.

ఊరి నడుమ ఉన్న పాత బొడ్రాయి, ఊరిని కాచే రాయి, ఒక పక్కకు ఒరిగింది. కొత్తది నిలబెడతారట. మా ఊళ్లో పోయినసారి బొడ్రాయి పండుగ అయినప్పుడు మామ చిన్న పిల్లవాడు. ఇంటికింత చందా, ఆడబిడ్డలందరినీ పిలవాలి, ప్రతిష్ఠ మార్చి పది, శుక్రవారం.

సర్పంచ్ నర్సింహ బావ చదువుతూనే ఉన్నాడు... ఆ రోజు తెల్లవారకముందే పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు. అప్పటి నుంచి బొడ్రాయి నిలిచి నీళ్లు పోసేదాకా ఊళ్లోంచి మనిషి గాని, పశువు గాని బయటికి పోవద్దు, బయటివాళ్లు లోపలికి రావద్దు.

మార్చి పది!

లేచి నిలబడ్డాను. "బావా, ఆ రోజు గుట్ట కాడ మీటింగున్నది. ఊరు మొత్తం ఆడ ఉండాలె."

"ముహూర్తం పంతులు పెట్టిండు సుజాతా, నేను కాదు."

"ఒక్క రోజు జరుపరాదు?"

వెనక నుంచి ఎవడో — "మీటింగుల సుజాతక్క జర పంచాంగం గూడ రాయాలె!" అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

రాత్రంతా బావ మీద పళ్లు నూరాను. క్రషర్ వాళ్లతో కలిసి కావాలనే పెట్టాడని. పొద్దున పోయి మొహం మీదే అడిగాను. పంతులుకు ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. ముహూర్తం జనవరిలోనే పెట్టారట. నోటీసు తరవాత వచ్చింది.

అంటే ఎవరూ కుట్ర చేయలేదు. అందుకే ఇంకా మండుతోంది. తిట్టడానికి కూడా మనిషి లేడు.

ఫిబ్రవరి 15, బుధవారం

పొద్దున బస్సుకు పోయి, మధ్యాహ్నం దాకా ఆఫీసు వరండాలో. బొడ్రాయి పండుగ ఉంది, మీటింగు తేదీ మార్చండి సార్ అని. ఆఫీసరు కాగితం చూడలేదు, నన్ను చూశాడు. "బొడ్రాయి... గవర్నమెంటు సెలవుల్లో లేదు కదమ్మా."

"సెలవుల్ల లేదు సార్, ఊళ్లె ఉన్నది."

"అయితే మీ ఊరివాళ్లే మార్చుకోవాలి."

ఊరివాళ్లు ఆఫీసును మార్చుకొమ్మంటారు, ఆఫీసు ఊరిని మార్చుకొమ్మంటుంది. నడుమ బస్సు కిరాయి నాది. తిరుగు బస్సులో నిలబడే వచ్చాను.

ఫిబ్రవరి 19, ఆదివారం

క్రషర్ వాళ్లు పండుగకు డీజే ఇస్తున్నారట. టెంట్లు, వంట సామాను, పోరగాళ్లకు టీషర్టులు కూడా. వెనక కంపెనీ పేరు, ముందు బొడ్రాయి బొమ్మ.

మా ఆయన ఫోన్‌లో — హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని, నెలకొకసారి వస్తాడు — "ఇయ్యనీయరాదే, వాళ్ల సొమ్మేగా!"

వాళ్ల సొమ్మా? అది మా గుట్టే. ముక్కలు చేసి, అమ్మి, టీషర్టు కుట్టించి మాకే తొడుగుతున్నారు. ఫోన్ పెట్టేశాను. మళ్లీ నేనే చేశాను, అన్నం తిన్నాడో లేదో అడగలేదని.

ఫిబ్రవరి 22, బుధవారం

మామ సద్దన్నం తింటూ ఉండగా అడిగాను — పొలి ఏ దారిన తిప్పుతారు?

"మా నాయిన తిప్పినప్పుడు గుట్టకు అవుతలి దిక్కు నుంచి పోయిండ్రు. ఆడ పాత పొలిమేర గెట్టురాయి ఉన్నది. గుట్ట ఊరిదే గదా, మరి లోపల్నే ఉండాలె."

"ఇప్పుడెట్ల పోతరట?"

"ఇప్పుడోళ్లకు అంత దూరం నడిచే ఓపిక యాడిది? రోడ్డు దాక పోయి మర్లుతరంట."

చేతిలో ముంత అట్లాగే ఉండిపోయింది. రోడ్డు దాకే పొలి చల్లితే గుట్ట గీతకు బయట పడుతుంది. మీటింగుకు పోవాలంటే గీత దాటాలి, ఎవరూ దాటరు. అదే గుట్ట చుట్టూ తిప్పితే... గుట్ట లోపల, మీటింగు టెంటు లోపల. ఎవరూ దేన్నీ దాటనక్కరలేదు! పండుగ పండుగే, మీటింగు మీటింగే.

"మామా, నువ్వు ముందుండి తిప్పాలె."

"నా మోకాలు ఒప్పుకోవాలె గద బిడ్డా."

ఒప్పుకున్నాడు. మోకాలిని అడగలేదు.

ఫిబ్రవరి 23, గురువారం

నిన్నటి సంబరం ఇవాళ గొంతులో అడ్డం పడింది. పొలి అంటే ఏమిటి — గొర్రెను కోసి, ఆ నెత్తురు అన్నంలో కలిపి చల్లడం. మూడేళ్ల కింద జాతరలో స్కూలు మెట్లెక్కి "మూగజీవాల గొంతు కోసే ఆచారం మనకొద్దు" అని అరిచింది ఎవరు? నేనే. కురుమోళ్ల కోడలు గొర్రెను కోయొద్దంటోందని ఊరంతా పడి పడి నవ్వింది. మామ ఒక్కడే నవ్వలేదు. ఇంటికొచ్చాక "అరిస్తివి, మంచిగనే అరిస్తివి, జర నీళ్లు తాగు" అన్నాడు.

ఇప్పుడు అదే నెత్తురుతో గుట్టకు కంచె కట్టమంటున్నాను. సిగ్గుగా ఉంది. అయినా అడగడం మానను.

ఫిబ్రవరి 26, ఆదివారం

కమిటీ ముందు మామ మాట్లాడాడు. గెట్టురాయి, పాత పద్ధతి, పెద్దల దారి. పొలి చల్లేది గ్రామదేవతల పూజారి బైండ్లాయన. ఆయన — "ఊరు ఎటు చూపెడితే అటు చల్లుత" అన్నాడు. నర్సింహ బావ కాసేపు మీసం దువ్వుకుని, "పెద్దమనిషి చెప్తుండు, గట్లనే కానియ్యిండ్రి. గుట్ట సుట్టు తిప్పుదాం. గీత రోడ్డు మోరీ కాడ కలుస్తది" అన్నాడు. ఆ మోరీ గుట్ట వాన నీళ్లు రోడ్డు కింద నుంచి దాటేది, మండలం నుంచి వచ్చే బండ్లన్నీ దాని మీదుగానే రావాలి.

గెలిచాం! ఇంటికొచ్చి సేమియా చేశాను.

మార్చి 2, గురువారం

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఎవరు ఏం మాట్లాడాలో ఒక్కో మాట పంచిపెడుతున్నాను. లచ్చవ్వ పిండి గురించి. మామ మేత గురించి. బావి ఎండినవాళ్లు బావి గురించి.

లచ్చవ్వతో గిర్నిలోనే సాధన. తూకం రాయిని మైకు అని చేతికిచ్చాను.

"సారూ, నా పిండిల..." అని ఆగి, "సారు ముంగట కూసుంటడా, నిలబడ్తడా?"

"కూసుంటడు."

"అయితే నేను గూడ కూసుంటనే."

"నువ్వు ఎట్లన్న ఉండు గని మాట్లాడవ్వా!"

ఇట్లాంటి సైన్యం నాది. అయినా సైన్యమే.

మార్చి 7, మంగళవారం

ఆడబిడ్డలు దిగుతున్నారు. బస్సు బస్సుకూ సంచులు, పిల్లలు, నవ్వులు. గిర్ని ఆగడం లేదు. పసుపు, పిండి, మళ్లీ పసుపు. నా రెప్పల మీద కూడా పసుపే. డీజే వచ్చింది. గిర్ని మోత డీజేలో వినపడటం లేదు.

సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి. ఇంతమంది కలిసి గుట్ట కింద నిలబడితే ఏ ఆఫీసరైనా ఒకసారి తలెత్తి చూడాల్సిందే.

మార్చి 9, గురువారం

రేపే. కాళ్లు లాగుతున్నాయి. మామ మోకాలికి ఆముదం పట్టు వేశాను.

మార్చి 10, శుక్రవారం

రాయగలిగినంత రాస్తాను.

పొలికి ఆడవాళ్లు పోగూడదు. వాకిట్లో నిలబడి ఎదురుచూశాను. తెల్లారేసరికి మామ కుంటుకుంటూ వచ్చాడు. పంచె నిండా పల్లేరుకాయలు. "తిప్పిన బిడ్డా. గెట్టురాయి అవుతలి నుంచే. మోరీ కాడ కలిపినం." అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

పదింటికి అందరం గుట్ట కిందికి కదిలాం. ఆడబిడ్డలు పట్టుచీరల్లోనే వచ్చారు. మామ గొర్లను కూడా అటే తోలుకొచ్చి మోరీకి ఇవతల బీడులో ఆపాడు. ఇంత జనాన్ని నేను ఎన్నడూ పోగు చేయలేదు.

పదకొండు కావస్తుండగా జీపులు కనిపించాయి. మోరీ దగ్గర ఆగిపోయాయి.

టీషర్టు పోరగాళ్లు రోడ్డుకు అడ్డంగా వేపకొమ్మలు పట్టుకుని ఉన్నారు. "పొలి కట్టినం సార్. బయటోళ్లు లోపలికి రావొద్దు."

అప్పుడు తెలిసింది నాకు. అప్పుడు! మా వాళ్లు గీత దాటకుండా పోవడం ఎట్లా అనే ఆలోచించాను గాని, వాళ్లు గీత దాటి రావడం గురించి ఒక్కసారైనా ఆలోచించానా? పల్లెలో పుట్టినదాన్ని, ఇన్ని పండుగలు చూసినదాన్ని. నా తలకాయలో ఏమున్నదో, తవుడే ఉన్నదో.

పరుగెత్తాను. "తమ్మీ, రానియ్యిండ్రా, వాళ్లు మన కోసమే వచ్చిండ్రు."

"అక్కా, నువ్వే గదా గుట్ట సుట్టు తిప్పించినవ్. ఇప్పుడు నువ్వే కట్టు తెంపుమంటున్నవా?"

నర్సింహ బావ నెమ్మదిగా వచ్చాడు. కొత్త పంచె, నుదుట బొట్టు, రెండు చేతులా నమస్కారం. "సార్, ఆచారం. మేం లోపల్నే ఉంటం. మీరు ఆడ్నే పెట్టుకోండ్రి సార్, మాకేం ఇబ్బంది లేదు." ఆ రోజు కమిటీలో అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో ఇవాళ అర్థమైంది.

ఆఫీసరు జనం వైపు చూసి, పోలీసాయన వైపు చూసి, "సెంటిమెంటు... ఎందుకు గొడవ" అన్నాడు. మోరీ అవతల టెంటు వేశారు. క్రషర్ టిప్పర్లలోంచి మనుషులు దిగి కుర్చీలు నింపారు. ఒక్క ముఖం కూడా మా ఊరిది కాదు. ఒకడు మైకు అందుకుని మాకు ఉద్యోగాలు వస్తాయన్నాడు, చప్పట్లు. ఇంకొకడు రోడ్డు వస్తుందన్నాడు, చప్పట్లు.

మేం ఇవతల. మధ్య మోరీ మాత్రమే. అరిస్తే వినపడే దూరమే, కానీ వెనక డీజే.

"సార్, బొడ్రాయి నిలిచేదాక ఆగుండ్రి! మధ్యాహ్నం అందరం వస్తం!" అని అరిచాను. ఆఫీసరు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినపడటం లేదన్నాడు. మళ్లీ అరిచాను. "మాకు ఇంకో ప్రోగ్రాం ఉందమ్మా. మాట్లాడేవాళ్లు వచ్చి మాట్లాడొచ్చు, ఎవరూ ఆపట్లేదు."

వెనక్కి తిరిగాను. "రాండ్రి, దాటుదాం. ఒక్క నిమిషం. మాట్లాడి వద్దాం."

ఎవ్వరూ కదల్లేదు. లచ్చవ్వ తల వంచుకుంది. బావి ఎండినవాళ్లు ఆకాశం వైపు చూశారు. నేను ఇల్లిల్లూ తిరిగి పంచిన మాటలన్నీ వాళ్ల నోళ్లలోనే ఉండిపోయాయి.

దాటాను.

వెనక ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. ఆ ఒక్క మాట వీపుకు తగిలింది. తరవాత మైకు. రెండు చేతులా పట్టుకున్నాను. గుట్ట నీళ్లు మా కుంటలోకే వస్తాయి అన్నాను. మేత అన్నాను. పిండి అన్నాను.

ఆఫీసరు అడ్డు తగిలాడు. "మీరు ఊరి తరఫున మాట్లాడుతున్నారా, మీ సొంతంగానా?"

తిరిగి చూశాను. అంతమందీ అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్కరైనా ఊరి తరఫుననే అని కేక వేస్తారేమోనని చూశాను. డీజే మోగుతూనే ఉంది.

అప్పుడు — మామ. తను గీత లోపలే నిలబడి, కర్ర ఎత్తి, నాలుక మడిచి ఒక కూత పెట్టాడు. గొర్లు కదిలాయి. మంద మందంతా మోరీ మీదుగా దాటి టెంటులోకి దూరింది. కుర్చీలు పడ్డాయి. ఉద్యోగాలు వస్తాయన్నవాడు బల్ల ఎక్కాడు. పోరగాళ్లు వేపకొమ్మలతో కొడితే గొర్లు ఆ ఆకులే తినడం మొదలుపెట్టాయి. వాటికి గీత ఏంది, పొలి ఏంది! మామ మాత్రం అంగుళం ముందుకు రాలేదు.

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. ఇంతలో ఆఫీసరు మైకు తీసుకుని "కార్యక్రమం ముగిసింది" అన్నాడు. జీపు ఎక్కాడు. నేను చెప్పాల్సింది ఇంకా సగం ఉంది.

మధ్యాహ్నం బొడ్రాయి నిలిచింది. ఊరంతా బిందెలతో నీళ్లు పోసింది. నేను ఇంట్లోనే ఉన్నాను.

మార్చి 11, శనివారం

మామతో కొట్లాడాను. "ఎవరు ఇడువుమన్నరు మామా గొర్లను? నేను మాట్లాడుతుంటిని గదా! మొత్తం ఆగమాయె."

బీడీ ముట్టించాడు. "నువ్వొక్కదానివే గక్కడ నిలవడ్డవు బిడ్డా. నేను దాటలేకపోతి. నా దగ్గర ఉన్నయి గవే."

లేచి పోయి పశుల కొట్టం ఊడ్చాను. తిట్టి తప్పు చేశానా, తిట్టాల్సిందేనా... రెండూ.

మార్చి 14, మంగళవారం

ఊరి బోరు మోటరు కాలింది. ఎందుకట? నేను గీత దాటినందుకట. పండుగ మూణ్ణాళ్లూ డీజేకు ఆ లైను నుంచే కరెంటు లాగారు. మోటరు కాలక ఏం చేస్తుంది? చెబితే వింటారా.

గిర్నికి ఎవరూ రాలేదు. పక్క ఊరికి పోయి పట్టించుకుంటున్నారు, క్రషర్ పక్కనే ఉన్న గిర్నిలో! అక్కడ దుమ్ము ఉండదు కాబోలు.

మార్చి 16, గురువారం

ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు పరిచయమైన వకీలమ్మకు ఫోన్ చేశాను. అంతా విని ఆమె అన్నది — మీరొక్కరే మాట్లాడితే ఒక్కరి అభ్యంతరంగానే రాస్తారు, ఊరు అడ్డు చెప్పలేదనే అంటారు. గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి, ఊరంతా సంతకాలు పెట్టండి, అప్పుడు కోర్టులో పట్టు దొరుకుతుంది. ఆలస్యం చేస్తే పర్మిషన్ వచ్చేస్తుంది.

గ్రామసభ ఈ నెల ఇరవై ఏడు, సోమవారం.

మార్చి 19, ఆదివారం

పెద్దమనుషులు పిలిచారు. కొత్త బొడ్రాయి పక్కన, అరుగు మీద.

తప్పు కట్టాలట. కట్టు తెగింది కాబట్టి ఒక పొట్టేలును కోసి, నేను నెత్తి మీద బిందెతో వచ్చి, తడి బట్టలతో బొడ్రాయికి నీళ్లు పోసి, ఊరి ముందు తప్పయింది అనాలి. వచ్చే ఆదివారం.

"కట్టకపోతే?"

ఎవరూ బెదిరించలేదు. బెదిరిస్తే తేలిగ్గా ఉండేది. పెద్ద పటేలు మెల్లగా — "కట్టకపోతే నువ్వు సభల కూసుంటె మేం కూసోం బిడ్డా. కడితివా, ఊరు మొత్తం నీ ఎనుక సంతకం పెడ్తది. గుట్ట మాకు గూడ కావాలె. మాకు గూడ రొట్టెల రాళ్లు వస్తున్నయి."

అంటే తెలుసు! దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలుసు!

"అయితే ఆ రోజు ఎందుకు నోరు తెరువలె పెదనాయినా?"

"గీత ఉండె గదా."

మార్చి 20, సోమవారం

లచ్చవ్వ వచ్చింది. చాటలో కాసిని జొన్నలు. గిర్నికి ఆ మాత్రానికి ఎవరూ రారు, మాట్లాడటానికే వచ్చింది.

"నేను దాటుదామనే అనుకున్న బిడ్డా. నా మనుమరాలు నిండు చూలాలు, పండుగకు వచ్చి ఇంట్లనే ఉన్నది. ఆ పిల్లకేమన్న అయితే... నేను దాటవట్టే అయిందని ఇగ సచ్చేదాక అనుకోవాలె."

వారం రోజులుగా ఈమెను పిరికిదని తిట్టుకుంటున్నాను. ఇప్పుడు తిట్టలేను. ఇట్లాగే ఒక్కొక్కరి ఇంట్లో ఒకటి ఉండి ఉంటుంది, పసిబిడ్డో, పంటో, పరీక్షో. నాకు కోపం తగ్గలేదు, కానీ దాన్ని పెట్టే జాగా దొరకడం లేదు.

జొన్నలు పట్టాను. పిండి వేళ్ల మధ్య రుద్ది చూసుకుంది. "ఇయ్యాల మంచిగనే ఉన్నది" అంది. అబద్ధం. నాకు తెలుసు, గరుకు తగిలింది.

మార్చి 22, బుధవారం — ఉగాది

పచ్చడిలో ఈసారి మామిడికాయ కన్నా వేపపువ్వే ఎక్కువైంది. అట్లాగే తిన్నాం.

మా ఆయన వచ్చాడు. అంతా విని ఒకటే మాట — "పోసెయ్యరాదు నీళ్లు. నీళ్లే గదా."

నీళ్లేనా? తప్పయింది అనాలి. ఏది తప్పు? మాట్లాడటమా? ఇవాళ నేను తప్పయింది అంటే, రేపు మైకు ముందు నిలబడే ఏ ఆడపిల్లకైనా ఇదే చూపిస్తారు. మీటింగుల సుజాతక్కే బిందె మోసింది, నువ్వెంత అని. ఇక ఆ పొట్టేలు... స్కూలు మెట్ల మీద అరిచిన నా నోటితోనే?

అనకపోతే గుట్ట పోతుంది. అందరి గుట్ట. నా ఒక్కదాని మాట కోసం.

పొద్దుగూకే దాకా ఇద్దరం గొడవ పడ్డాం. చివరికి ఆయన అలిగి పాత చెప్పులు వేసుకుని బస్టాండుకు పోయాడు. కొత్తవి వాకిట్లోనే ఉన్నాయి.

మార్చి 24, శుక్రవారం

గిర్ని తాళం తీస్తూనే చూశాను. మెట్టు పక్కన గుంజకు మామ తన పొట్టేలును కట్టేశాడు. మందకు పొట్టేలు అదొక్కటే. ఎంత ధర పలికినా ఆయన అమ్మనన్నది, రాత్రి మంచం కోడుకు కట్టుకుని పడుకునేది. పిల్లప్పుడు తల్లి చస్తే మామ సీసాతో పాలు పట్టి పెంచాడు.

"మామా, ఇదేంది? నేనింక ఒప్పుకోలేదు."

"నిన్ను ఒప్పుకోమన్ననా? గొర్లను ఇడిచింది నేను. కట్టు తెంపింది నేను గూడ. నీకు నమ్మకం లేకపాయె, నాకున్నది. నా తప్పుకు నా పొట్టేలు."

"మరి బిందె?"

"బిందె నీది. అది నేను ఎత్తలేను." కర్ర చేతికి తీసుకుని, "ఎత్తినా ఎత్తకున్నా నువ్వు నా కోడలివే. గది మనసుల పెట్టుకో" అన్నాడు. మందను తోలుకుని గుట్ట మీదికి పోయాడు, పొట్టేలు లేకుండానే. అది ఆ దిక్కు చూస్తూ పొద్దంతా అరిచింది.

ఏడ్చాను. గిర్ని నడుస్తుంటే ఎవరికీ వినపడదు కదా, ఉత్త గిర్నే తిప్పాను.

మార్చి 25, శనివారం

రేపు ఆదివారం. ఎల్లుండి సభ.

పొద్దున నుంచి గుట్ట మీద ఎవరో మనుషులు. ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతుతున్నారు. అడగబోతే — "కొలతలు అంతే అమ్మా." పర్మిషన్ రాకముందే కొలతలు! నర్సింహ బావకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆఫీసుకు చేశాను, శనివారం.

నలుగురు పిండి పట్టించుకోవడానికి వచ్చారు. రేపటి సంగతి ఒక్కరూ అడగలేదు. అందరూ పొట్టేలును చూశారు, నన్ను చూశారు, పిండి తీసుకుని పోయారు. లచ్చవ్వ పోతూ పోతూ దాని వీపు నిమిరింది.

మధ్యాహ్నం తవుడు పెట్టాను. నేల మీద పెడితే తినలేదు. మామ చేతికి అలవాటు. దోసిట్లో పట్టాను. మొదట వాసన చూసింది, తరవాత తిన్నది. నాలుక గరుకుగా ఉంది. తిన్నంతసేపూ కళ్లు మూసుకునే ఉంది.

సాయంత్రం అటకెక్కి ఇత్తడి బిందె దించాను. పండుగకు తోమి పెట్టింది, ఆ రోజు మోయనిది. లోపల సన్నగా దుమ్ము. కడిగాను. ఎందుకు కడిగానో చెప్పలేను... దుమ్ము పట్టింది కాబట్టి కడిగాను, అంతే.

గడప మీద బోర్లించాను. పొట్టేలు తాడు సాగినంత దూరం వచ్చి బిందె మీది తడి నాకుతోంది.